మచ్చ లేని చోట కూడా

శ్రోతలకు నమస్కారం. మీరీ మాటలు ఎఫ్.ఎం.లో వింటున్నట్లయితే మీ రేడియో ముల్లు 88కీ 108 మెగాహెర్ట్జ్‌కీ మధ్య ఎక్కడో నిలిచి ఉంటుంది. ఆస్పత్రుల్లో మామూలుగా కనిపించే 1.5 టెస్లా ఎమ్మారై యంత్రం పనిచేసేది దాదాపు 64 మెగాహెర్ట్జ్ దగ్గర, 3 టెస్లా యంత్రమైతే 128 దగ్గర. టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత. మన స్టేషన్లకు ఒకటి ఈ పక్క, ఇంకొకటి ఆ పక్క అన్నమాట. నిజానికి ఎమ్మారై కూడా ఒక రకం రేడియోనే. ఒంట్లోని హైడ్రోజన్ కేంద్రకాలను పెద్ద అయస్కాంతంలో ఉంచి, రేడియో తరంగంతో తట్టి, అవి తిరిగి పంపే సన్నని సంకేతాన్ని వింటుంది. మా గోల లోపలికి చొరబడకుండా ఆ గది చుట్టూ సాధారణంగా రాగిరేకు బిగిస్తారు కూడా!

మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే జబ్బులో ఈ రేడియో మెదడు గురించి ఏం చెబుతోందో ఈ రోజు చూద్దాం. డాక్టర్లు దీన్ని ఎం.ఎస్. అంటారు. 1868లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో షార్కో అనే వైద్యుడు దీన్ని విడి జబ్బుగా వర్ణించాడు. మెదడులో కబుర్లు మోసే నరాల పోగులు కట్టలు కట్టలుగా సాగే భాగాన్ని తెల్ల పదార్థం అంటారు. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగున్నట్టు ఈ పోగులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ కొవ్వు వల్లే తెలుపు. ఎం.ఎస్.లో మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఆ తొడుగు మీద పడుతుంది. ఒకరికి కన్ను మసకబారుతుంది, ఒకరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇంకొకరు నడుస్తూ తూలుతారు. దెబ్బతిన్న చోట ఎమ్మారైలో మచ్చ కనిపిస్తుంది.

చిక్కంతా ఆ మచ్చలతోనే. బోలెడు మచ్చలున్న మనిషి రోజూ ఆఫీసుకు వెళ్లొస్తుండొచ్చు, కొద్ది మచ్చలే ఉన్నావిడ కర్ర లేనిదే నడవలేకపోవచ్చు. మచ్చ ఎక్కడుందన్నది కొంత కారణం. అంతమాత్రాన లెక్క తేలలేదు. మరి మచ్చ లేని చోట ఏం జరుగుతోంది?

ఫొటో తీసే ఎమ్మారై వినేది ముఖ్యంగా నీటిలోని హైడ్రోజన్‌ని. కానీ హైడ్రోజన్ వేరే రసాయనాల్లోనూ ఉంటుంది. ఇరుగుపొరుగు పరమాణువులను బట్టి దాని ఫ్రీక్వెన్సీ కాస్త జరుగుతుంది, అదీ 10 లక్షల్లో రెండు మూడు వంతులు. ఆ తేడాను పట్టుకుని ఏ రసాయనం ఎంతుందో చెప్పేదే స్పెక్ట్రోస్కోపీ. ఇందులో వచ్చేది కొండల వరుసలాంటి గీత. ఒక్కో శిఖరం ఒక్కో స్టేషన్ అనుకోండి.

అయితే నీటి గొంతు మిగతావాటికన్నా వేల రెట్లు పెద్దది. పెళ్లిపందిట్లో మైకు పక్కన కూర్చుని, అవతల మూల గుసగుసలు వినాలన్నట్టుంటుంది. అందుకే ముందు నీటి గొంతు నొక్కుతారు. అప్పటికీ చాలక, సుమారు పంచదార బిళ్లంత మెదడు ముక్కకు కలిపి ఒకే గీతతో సరిపెట్టుకుంటారు.

ఆ గీతలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్‌ది. నోరు తిరగని పేరు, ఎన్.ఏ.ఏ. అనుకుందాం. 1956లో మొదట పిల్లి మెదడులో దొరికింది. పెద్దవాళ్ల మెదడులో ఇది దాదాపుగా నరాల కణాల్లో, వాటి పోగుల్లోనే ఉంటుంది. కాబట్టి ఇది తగ్గిందంటే దెబ్బ పైతొడుగుతో ఆగలేదు, లోపలి తీగకే తగిలింది. కోలీన్ అనే ఇంకో శిఖరం పెరిగితే కణాల పొరలు విచ్ఛిన్నమవుతున్నాయనుకోవచ్చు.

కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఈ ఎన్.ఏ.ఏ. వెంట ఏళ్ల తరబడి పడ్డారు. మచ్చ లేని తెల్ల పదార్థంలోనూ అది తగ్గుతోందనీ, ఆ తగ్గుదలకూ రోగి వైకల్యానికీ సంబంధం ఉందనీ 1998లో చూపించారు. అదే ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్ శాస్త్రవేత్తలు, చనిపోయిన రోగుల మెదడు ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసి, మచ్చల్లో నరాల పోగులు తెగిపోయి ఉన్నాయని ప్రకటించారు. ఒకరు విన్నారు, ఒకరు చూశారు. చాలాకాలం తొడుగు జబ్బుగానే చెప్పుకున్న ఎం.ఎస్. గురించి ఆలోచన మారడానికి ఈ రెండూ బాగా పనికొచ్చాయని నా అభిప్రాయం. అన్నట్టు, పరిశోధకులు ఆ మచ్చ లేని భాగాన్ని 'మామూలు తెల్ల పదార్థం' అనరు, 'మామూలుగా కనిపించే తెల్ల పదార్థం' అంటారు.

ఎన్.ఏ.ఏ. తగ్గిందంటే పోగు చచ్చిపోయిందని కంగారు పడనక్కర్లేదు. కొత్త మచ్చలో పడిపోయిన ఎన్.ఏ.ఏ. నెలలు గడిచాక కొంత తిరిగి పెరగడం 1995లోనే మాంట్రియల్‌వాళ్లు గమనించారు. అది తయారయ్యేది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో. అక్కడ శక్తి సన్నగిల్లినా శిఖరం కుంగుతుంది. తీగ తెగిందా, సొమ్మసిల్లిందా అన్నది ఒక్క పరీక్షతో తేలదు. కొన్ని నెలలాగి మళ్లీ వినాలి. ఒక యంత్రం అంకెలు ఇంకో యంత్రం అంకెలతో సరిగ్గా కలవకపోవడం మరో తలనొప్పి.

అందుకే స్పెక్ట్రోస్కోపీ ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనలో వాడే సాధనమే. మచ్చ కణితిలా పెద్దగా ఉండి అనుమానం వచ్చినప్పుడు డాక్టర్లు కొన్నిసార్లు దీని సాయం తీసుకుంటారు. ఎం.ఎస్. ఉందో లేదో తేల్చడానికి మాత్రం లక్షణాలు, మామూలు ఎమ్మారై, అవసరమైతే వెన్నులోంచి తీసిన నీటి పరీక్ష, ముఖ్యంగా వీటినే చూస్తారు. చెయ్యి తిమ్మిరెక్కిందని స్కాన్ సెంటర్‌కు వెళ్లి స్పెక్ట్రోస్కోపీ చెయ్యమని అడగకండి. ముందు న్యూరాలజిస్టును కలవండి, పాత ఎమ్మారైలు ఉంటే రిపోర్టు కాగితమొక్కటే కాదు, ఫిల్ములు గానీ సీడీలు గానీ కూడా పట్టుకెళ్లండి. సెలవు.