క్తులు భాషలోకి డైలాగు మార్చాలా? ట్రాన్స్‌లేటర్లు, పదాల పట్టిక, అసలు కథ: నా రివ్యూ

నమస్తే అండి, బెజవాడ నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి ఫోనూ కాదు, ఇయర్‌బడ్సూ కాదు. గుంటూరులో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు నాకో పని అప్పగించారు. వాళ్ల హారర్ కథలో ఒక మాంత్రికుడు గుహలో కూర్చుని మంత్రం చదవాలట. ‘ఓం హ్రీం’ వినీ వినీ జనానికి విసుగొచ్చింది, పైగా దేవుడి మంత్రం విలన్ నోట పెడితే అదో గొడవ. అందుకని క్తులు భాషలో రెండు ముక్కలు కావాలన్నారు.

క్తులు ఎవరంటే, అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ 1926లో రాసిన కథలో సముద్రం అడుగున ర్ల్యే నగరంలో పడుకుని ఉన్న భయంకరమైన దేవుడు. ఆ కథ ‘ద కాల్ ఆఫ్ క్తులు’, 1928 ఫిబ్రవరిలో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో అచ్చయింది. అందులో భక్తులు జపించే మంత్రం స్క్రీన్ మీద వేస్తున్నాను చూడండి: ‘ఫ్‌నగ్లుయి మ్గ్ల్వ్‌నఫ్ క్తులు ర్ల్యే వ్గానగ్ల్ ఫ్తాగ్న్’. ఇంకోసారి అనమని మాత్రం అడక్కండి. ర్ల్యేలో తన ఇంట్లో చచ్చిన క్తులు కలలు కంటూ కాచుకుని ఉన్నాడు, ఇదీ కథలో చెప్పిన అర్థం.

ముందు ఆన్‌లైన్ ట్రాన్స్‌లేటర్ల సంగతి. వెతగ్గానే పైన తగిలేవి ఇవే. నేను పెట్టిన పరీక్ష ఒకటే. మంత్రానికి కథలో ఉన్న ఇంగ్లీష్ అర్థాన్ని పెట్టెలో వేశాను. పనికొచ్చే సరుకైతే అసలు మంత్రం తిరిగి రావాలి కదా? రాలేదు. పదానికి పదం మార్చి, ఇంగ్లీష్ వరసలోనే పేర్చి ఇచ్చింది. తెలియని మాట తగిలితే ఇచ్చింది ఇచ్చినట్టే వెనక్కి కొట్టింది. ఐదుకి ఒకటి ఇస్తున్నాను, అది కూడా డబ్బులు అడగలేదు కాబట్టి.

రెండోది అభిమానులు తయారుచేసిన పదాల పట్టిక. కథల్లో దొరికిన మంత్రాలన్నీ పోగేసి, ఏ ముక్కకి ఏ అర్థం ఉండొచ్చో ఊహించి రాశారు. ఇది నిజంగా కష్టపడి చేసిన పని. ‘ఎబుమ్నా’ అంటే గొయ్యి, ‘ఉల్న్’ అంటే పిలుపు, ‘న్ఘా’ అంటే చావు, చివర ‘అగ్ల్’ చేరిస్తే చోటు. మన కుర్రాళ్లు అడిగిన మొదటి డైలాగు ‘గొయ్యి పిలిచింది’. పట్టిక ప్రకారం ‘ఎబుమ్నా నఫ్లుల్న్’ అయింది. ఆ ముందున్న ‘నఫ్ల్’ ఉందే, అది ‘ఇప్పుడు కాదు’ అని చెబుతుందంతే. అంటే గొయ్యి పిలిచిందా, పిలవబోతోందా? తేడా లేదు, రెంటికీ అదే. హారర్‌కి ఇది భలే కుదిరింది. అదే ప్రేమకథ అయితే కొంప మునిగేది. దీనికి ఐదుకి మూడున్నర.

మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానంటే, ఆ పట్టికలో రచయిత చెప్పినదేదో, అభిమాని ఊహించినదేదో కొత్తవాడికి తెలిసేలా లేదు. ‘బాహుబలి’లో కాలకేయుల కిలికి భాషకి మదన్ కార్కి కూర్చుని పదాలు, వ్యాకరణం కట్టారు. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ ‘స్టార్ ట్రెక్’లో క్లింగాన్ అనే గ్రహాంతర జాతి భాషకి మార్క్ ఓక్రాండ్ నిఘంటువు 1985లోనే వచ్చింది. లవ్‌క్రాఫ్ట్ అలాంటి పనేమీ పెట్టుకోలేదు. అక్కడక్కడా కొన్ని కేకలు, మంత్రాలు రాసి వదిలేశాడు.

అందుకే నా ఓటు మూడోదానికి, అంటే అసలు కథకే. అందులో ఒక వాక్యం చాలామంది దాటేసి పోతారు. మంత్రంలో ఏ మాట ఎక్కడ తెగుతుందో కూడా జపించేటప్పుడు ఆగే చోట్లను బట్టి ఊహించినదేనట! ఇక అర్థమంటారా, పెద్ద భక్తులు తమకు చెప్పారని ఖైదీలు పోలీసు ఇన్‌స్పెక్టరుకి చెప్పిన మాట. పట్టిక మొత్తం నిలబడింది ఈ వినికిడి మీదే. అది తెలిశాక తప్పొప్పుల టెన్షన్ వదిలేసి, ఆ మంత్రాన్నే నమూనాగా పెట్టుకుని కొత్త పంక్తి కట్టుకోవచ్చు.

కథ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. రచయిత 1937లో పోయాడు, మన చట్టంలో కాపీరైట్ ఆ తర్వాత 60 ఏళ్లే, కాబట్టి వాడుకోవడానికి భయం లేదు. తర్వాతి రచయితలు, గేముల వాళ్లు కలిపినవి మాత్రం ముట్టుకోకండి, వాటి లెక్క వేరు.

ఇక డబ్బింగ్. తెలుగు నోటికి మాట చివర అచ్చు లేకపోతే తోచదు. ‘ఫ్తాగ్న్’ ఇస్తే మన నటుడు ‘ఫ్తాగ్ను’ అని హాయిగా ముగించేశాడు, మంత్రం కాస్తా కూరగాయల బేరంలా వినిపించింది. క్తులు పేరు మనిషి గొంతుకు సరిగ్గా పలకదని లవ్‌క్రాఫ్టే 1934లో ఒక ఉత్తరంలో రాశాడు, మొదటి అక్షరం గొంతు లోపలి నుంచి మందంగా రావాలన్నాడు. నేనైతే నటుడికి ఒకటే చెప్పాను, చివరి హల్లు దగ్గర ఊపిరి బిగబట్టి ఆపెయ్ అని. స్క్రిప్టులో కూడా ‘న్’ పక్కన ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టి ఇవ్వండి, లేకపోతే మూడో టేక్‌కి ఆ ‘ను’ మళ్లీ వచ్చి కూర్చుంటుంది.