బట్టలుతికే బండ కింద వీరుడు

నమస్తే అండీ. ఈరోజు మన వీడియోలో గోపురం లేదు, జలపాతం లేదు. ఒక బట్టలుతికే బండ చూపిస్తాను.

పలమనేరు వైపు ఒక పల్లె ఇది. బోరు పక్కన ఈ బండ ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ గుర్తులేదు. నలుగురం గడ్డపారలేసి తిరగేస్తే, ఇదిగో చూడండి. చేతిలో విల్లు, నడుముకు బాకు, కాళ్ల దగ్గర ఆవులు. వీరగల్లు ఇది. ఊరి పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి ప్రాణం పోగొట్టుకున్న మనిషికి ఊరు నిలబెట్టుకున్న రాయి. పాత చిత్తూరు జిల్లా పడమటి వైపు, ముఖ్యంగా పుంగనూరు చుట్టుపక్కల, ఇలాంటివి చాలానే దొరికాయి. బాణులు, వైదుంబులు, నొలంబులు అనే రాజవంశాల వాళ్లు ఈ నేల కోసం కొట్టుకున్న కాలం నాటివి కూడా వాటిలో ఉన్నాయి.

నన్ను ఇక్కడికి పిలిచింది ఒక చరిత్ర సంఘం. సంఘమంటే బోర్డు, బిల్డింగు ఉంటాయనుకునేరు! ఒక రిటైర్డ్ మాస్టారు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక ఆటో. అంతే. ఆదివారం వస్తే బయల్దేరిపోతారు.

"దీన్ని మ్యూజియానికి తీసుకుపోతారా సార్?" అని అడిగాను.

"వద్దు సామీ. ఇక్కడుంటే ఈయన ఈ ఊరి మనిషి. అక్కడికి పోతే ఒక నంబరు" అన్నారు మాస్టారు.

మరి వీళ్లు తీసుకుపోయేదేంటి? రాయి మీది అక్షరాల నకలు. అది తీసే పద్ధతి చూస్తే ముచ్చటేసింది. ముందు రాయిని నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడిగారు. యాసిడ్ పోయరు, అక్షరాల్లో సుద్ద రుద్దరు. తడిపిన కాగితం పరిచి, పైనుంచి బ్రష్‌తో టపటపా కొట్టారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగిపోతుంది. కొంచెం ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తడితే రాయంతా నల్లగా, అక్షరాలు తెల్లగా తేలాయి. నేను ఊపిరి బిగబట్టి చూశాను. తీరా చూస్తే శాసనాల మొదట్లో వచ్చే 'స్వస్తిశ్రీ' ఒక్కటే తెలుస్తోంది, మిగతాదంతా అరిగిపోయింది. మాస్టారు నోట్‌బుక్‌లో ఊరి పేరు, రాయి కొలతలు, ఏ దిక్కుకు ఉందో రాసుకుని, చివర 'మిగతాది చదవలేకపోయాం' అని రాశారు.

నాకు నచ్చింది ఆ చివరి ముక్కే. చంద్రగిరి కోటకు పోతే, ఈ రాజమహల్లోనే మద్రాసును ఇంగ్లీషు వాళ్లకు రాసిచ్చారని ఎవరో ఒకరు మనకు కచ్చితంగా చెబుతారు. 1639లో మొదటి పట్టా ఇచ్చింది విజయనగర రాజుల కింద స్థానికంగా ఏలిన దామర్ల వెంకటాద్రి నాయకుడు. విజయనగర రాజు శ్రీరంగరాయల పట్టా 1645లో వచ్చింది. అక్కడ కథ చెప్పేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి ఒకే గదిలో సంతకం పెట్టించేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది, నేనూ ఒక పాత వీడియోలో అలాగే చెప్పాను. మాస్టారు ఫోన్ చేసి మరీ సరిచేశారు. ఆ మాటకొస్తే ఈ పరిచయం అలా మొదలైందే!

నకలు తీసుకుంటే ఏమొస్తుందంటారా? తిరుమల గుడి గోడల మీది శాసనాల్ని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి లాంటి వాళ్లు ఓపిగ్గా చదివి అచ్చుకు ఎక్కించారు. వెయ్యికి పైగా ఉన్నాయవి, ఎక్కువ భాగం తమిళంలోనే. అందుకే ఈ సంఘంలో కూడా తమిళం చదవగలిగిన కుర్రాడికి మంచి గిరాకీ. ఇక అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కించి ఉండబట్టే కదా ఇన్ని వందల ఏళ్లు దాటి మన దాకా వచ్చాయి.

అన్నిటికీ ప్రభుత్వం కాపలా ఉండదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత జాబితాలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం కుదరదు. ఈ బండ ఏ జాబితాలో ఉంది? రేపు రోడ్డు వెడల్పు చేస్తే జేసీబీ దీన్ని లెక్కచేస్తుందా?

సరే, రాయిని వేపచెట్టు కింద నిలబెట్టాం. ఊళ్లోవాళ్లు పసుపు తెచ్చి పూశారు. అందరం ఫోటోలు దిగుతుంటే ఒక అవ్వ తడిబట్టల బకెట్‌తో వచ్చి నిలబడింది.

"బాగుండాది నాయనా. మరి నేను గుడ్డలు దేనిమీద ఉతకాల?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. మరుసటి ఆదివారం ఆటోలో ముందు ఎక్కింది నోట్‌బుక్ కాదు, ఒక గ్రానైట్ పలక.