పెట్టె ముందు, ప్రాసెసర్ తర్వాత: పాత వీసీఆర్‌లో హోమ్ థియేటర్ కంప్యూటర్

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, అదీ ఆదివారం పూట, స్క్రూడ్రైవర్ల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే చాలా సంతోషంగా ఉంది.

హోమ్ థియేటర్ కంప్యూటర్, అంటే టీవీకి తగిలించి సినిమాలు చూసే కంప్యూటర్, అసెంబుల్ చేసుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ ప్రాసెసర్ వేయాలని. నేను మాత్రం దాన్ని ఏ పెట్టెలో పెట్టబోతున్నారని అడుగుతాను. ఎందుకంటే ప్రాసెసర్ సమస్య దాదాపు తీరిపోయింది. 2023లో ఇంటెల్ తెచ్చిన ఎన్100 లాంటి చిన్న చిప్ 6 వాట్ల తరగతిది. అయినా 4కె సినిమాను, అది హెచ్‌ఈవీసీ అయినా ఏవీ1 అయినా (వీడియో ఫైలును కుదించే పద్ధతులివి), తడబడకుండా చూపిస్తుంది. సినిమా చూడటానికి అంతకు మించి అక్కర్లేదు. కానీ ఆ యంత్రం ఉండేది హాల్లో, టీవీ కింద, నలుగురూ కూర్చునే చోట. అక్కడ అది చప్పుడు చేయకూడదు, కాలిపోకూడదు, ముట్టుకుంటే షాక్ కొట్టకూడదు. ఈ మూడూ తేలేది పెట్టె దగ్గరే.

నా ఓటు పాత వీసీఆర్‌కి, అంటే వీడియో క్యాసెట్లు ఆడించే యంత్రం పెట్టెకి. 1982 ఏషియాడ్‌తో కలర్ టీవీ వచ్చాక, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సామాన్లతో మన హైదరాబాద్‌కి ఎన్ని వీసీఆర్లు దిగాయో పాతబస్తీ వాళ్లకి చెప్పక్కర్లేదు. కొనలేనివాళ్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని తెల్లారేలోపు మూడు సినిమాలు చూసేవాళ్లు. వాటిలో చాలా భాగం ఇప్పుడు అటకల మీద, లేదా ఎర్రగడ్డ సండే మార్కెట్ గుట్టల్లో ఉన్నాయి. పూర్తి సైజు వీసీఆర్ వెడల్పు సుమారు 43 సెంటీమీటర్లు. మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు 17 సెంటీమీటర్ల చదరం. అంటే బోర్డు పెట్టాక కూడా పక్కన హార్డ్ డిస్కుకీ, గాలికీ చోటు మిగులుతుంది.

ఒక షరతు మాత్రం ఉంది. పనిచేస్తున్న వీసీఆర్‌ని విప్పకండి. ప్రపంచంలో చివరి వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది. మీ ఇంట్లో అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టు ఉంటే దాన్ని చూపించగలిగేది ఆ యంత్రమే. ముందు క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించండి. మోటారు చచ్చి, హెడ్ అరిగి, మెకానిక్ చేతులెత్తేసిన దాన్నే తీసుకోండి. గాజు తెర ఉన్న పాత డబ్బా టీవీ జోలికి అసలు వెళ్లొద్దు. ఆ తెర వెనక ఇరవై వేల వోల్టులకు పైగా నడుస్తుంది, ప్లగ్గు తీసేసినా కొంత అందులో నిలిచే ఉంటుంది.

వీసీఆర్‌లోనూ పవర్ సప్లై వైపు జాగ్రత్త. స్విచ్ మోడ్ రకం సప్లై ఉన్న వాటిలో పెద్ద కండెన్సర్ (కరెంటును నిల్వ ఉంచే భాగం) 325 వోల్టుల దాకా పట్టి ఉంచుతుంది. ప్లగ్గు తీసి ఒక రోజు పక్కన పెట్టండి. తర్వాత కూడా మల్టీమీటర్‌తో చూశాకే చేయి పెట్టండి.

లోపలంతా తీసేశాక మిగిలేది రేకు అడుగు, పైమూత, ముందు ప్లాస్టిక్ ముఖం. ఒక అట్టముక్కను బోర్డు సైజుకి కోసి, నాలుగు బెజ్జాలూ గుర్తు పెట్టి, పెట్టెలో అటూ ఇటూ జరిపి చూడండి. పైమూత దాకా ఎంత ఎత్తు ఉందో కొలవండి. ఆ తర్వాతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లండి. ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ ఎత్తు తెలియకుండా బోర్డు కొంటే మూత పడదు. బోర్డు రేకుకి తగలకుండా స్టాండాఫ్‌లనే చిన్న ఇత్తడి కాళ్ల మీద కూర్చోవాలి. అవి, చిన్న స్విచ్చులు, వైర్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. వెనక పోర్టుల కోసం సుమారు 159 మిల్లీమీటర్ల పొడవు, 44.5 మిల్లీమీటర్ల ఎత్తున రేకు కోయాలి. రేకు కోత అంచు బ్లేడులా తెగుతుంది, ఆకురాయితో అరగదీసేదాకా వదలొద్దు. రేకు పని అంతా బోర్డు పెట్టకముందే అయిపోవాలి. ఒక్క ఇనుప రజను బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది.

ఇక వేడి సంగతి. మే నెలలో మన ఊళ్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది. టీవీ స్టాండు అరలో ఇంకా ఎక్కువ. వీసీఆర్ పైమూతకు సన్నని చీలికలు ఉంటాయి కానీ అవి దాని సొంత వేడికి సరిపడా పెట్టినవి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి చల్లగాలి కింది నుంచి రావాలి. అడుగు రేకులో, బోర్డు కిందుగా బెజ్జాలు వేయండి, పెట్టెకు రబ్బరు కాళ్లు కొంచెం ఎత్తుగా బిగించండి. ఫ్యాను కావాలనుకుంటే వెడల్పైనది, నెమ్మదిగా తిరిగేది వేయండి. 120 మిల్లీమీటర్ల ఫ్యానుని పడుకోబెట్టి అడుగున బిగిస్తే అది తిరుగుతున్నట్టు కూడా తెలియదు. 40 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను అంతే గాలి ఇవ్వాలంటే దోమలా గీపెడుతుంది, సినిమాలో మెల్లగా మాట్లాడే చోటల్లా అదే వినిపిస్తుంది. గాలి వచ్చే బెజ్జాల దగ్గర దుమ్ము జాలీ తప్పనిసరి. మన రోడ్ల దుమ్ము ఒక్క వేసవిలో కూలర్ రెక్కలు మూసేస్తుంది.

అన్నిటికన్నా నాకు ఎక్కువ టెన్షన్ ఎర్తింగ్ గురించే. పాత వీసీఆర్లకు రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది. అవి ఎర్తు లేకుండానే భద్రంగా ఉండేలా లోపలి నుంచే రెండు పొరల ఇన్సులేషన్‌తో కట్టినవి. మీరు ఆ లోపలి కట్టుబడి అంతా తీసేశారు. ఇప్పుడు కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్, అంటే దాని పవర్ సప్లై డబ్బా, పెడితే ఆ రేకు పెట్టెకు ఎర్తు ఉండి తీరాలి. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కండెన్సర్లు ఫేజునీ న్యూట్రల్‌నీ బాడీకి కలుపుతాయి. ఎర్తు లేకపోతే రేకు మీద దాదాపు 115 వోల్టులు తేలుతుంది. కరెంటు తక్కువే కాబట్టి చేతికి జివ్వుమంటుంది, అంతే. కానీ ఫేజు వైరు తెగి రేకుకి తగిలిన రోజున ప్రాణం కాపాడేది ఆ ఎర్తు ఒక్కటే. పెయింటు గీకి, శుభ్రమైన రేకుకి రింగు లగ్గుతో ఎర్తు వైరు బిగించండి. ప్లగ్గు గోడ నుంచి తీసి ఉన్నప్పుడు దాని ఎర్తు పిన్నుకీ రేకుకీ మధ్య మీటర్ పెడితే సున్నా ఓములకు దగ్గరగా రావాలి. గోడ సాకెట్‌లో నిజంగా ఎర్తు ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో మూడో బెజ్జం ఉంటుంది, వెనక వైరు ఉండదు.

మొదటిసారి చేసేవాళ్లు 230 వోల్టులను పెట్టెలోకే రానివ్వకండి. లాప్‌టాప్ తరహా 19 వోల్టుల అడాప్టర్‌తో నడిచే మినీ ఐటీఎక్స్ బోర్డులు దొరుకుతాయి. అడాప్టర్ బయటే ఉంటుంది, భయమూ బయటే ఉంటుంది.

ముందు ముఖం దగ్గర పని ముచ్చటగా ఉంటుంది. వీసీఆర్ ప్లే బటన్‌తోనే కంప్యూటర్ ఆన్ చేయొచ్చు. బోర్డు మీద పవర్ పిన్నులు రెండూ ఒక్క క్షణం కలిస్తే చాలు. అయితే ఆ బటన్లన్నీ ఒకే చిన్న బోర్డు మీద కలిసి ఉంటాయి కాబట్టి, మీకు కావలసిన స్విచ్ చుట్టూ ఉన్న రాగి గీతలు కోసి దానికే నేరుగా రెండు వైర్లు టంకం వేయాలి. ముదురు రంగు ప్లాస్టిక్ కిటికీ వెనక యూఎస్‌బీ రిమోట్ రిసీవర్ పెట్టండి. ఆ కిటికీ ఇన్‌ఫ్రారెడ్‌ని రానిస్తుంది, దాన్ని పెట్టిందే అందుకు. వైఫైకి మాత్రం రేకు అడ్డం, యాంటెన్నా బయటకు తీయండి, లేదా లాన్ కేబుల్ లాగండి.

సాఫ్ట్‌వేర్‌కి లిబ్రెఎలెక్ అనే చిన్న లినక్స్ చాలు, ఆన్ చేయగానే కోడి (Kodi) అనే సినిమాలు ఆడించే ప్రోగ్రాం తెర వస్తుంది. ఓటీటీల కోసమే అయితే ఈ శ్రమ పడొద్దు. కాపీ రక్షణ వల్ల లినక్స్ బ్రౌజర్లలో చాలా ఓటీటీలు 4కె ఇవ్వవు, ఆ పనికి టీవీకి పెట్టే చిన్న స్టిక్కే మెరుగు. ఈ పెట్టె మీ సొంత సినిమాలకు, పాటలకు, ఇంటి వీడియోలకు.

పెళ్లి క్యాసెట్ల నుంచి తీసిన వీడియో పెద్ద టీవీ మీద కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు పడుతుంది. క్యాసెట్టు బొమ్మను సెకనుకు 50 సగం సగం ముక్కలుగా రాసుకుంటుంది, వాటిని అతికేటప్పుడు వచ్చే తేడా అది. కోడిలో వీడియో నడుస్తుండగా సెట్టింగుల్లో డీఇంటర్లేస్ ఆన్ చేస్తే గీతలు పోతాయి. ఎక్కించేటప్పుడు మాత్రం గీతలతోనే, 720 బై 576 సైజులోనే దాచుకోండి. రేపు మంచి సాఫ్ట్‌వేర్ వస్తే అసలుది మీ దగ్గరే ఉంటుంది.

పెట్టెలోంచి తీసిన పాత బోర్డుల్లో సీసం ఉంటుంది. రాగి కోసం కాల్చేవాళ్ల చేతికి ఇవ్వకుండా, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్లకే ఇవ్వండి. మోటార్లు, స్ప్రింగులు, చిన్న గేర్లు మాత్రం పిల్లలకి ఉంచండి, వాటితో వాళ్లు చాలా చేస్తారు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. విప్పిన వీసీఆర్ ఒకటి ఈ బల్ల మీదే ఉంది, దగ్గరికి వచ్చి చూడండి.