కత్తెర పడ్డ గోలీల షీటు

పెద్దలందరికీ నమస్కారం. ఆశా అక్కలు ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. ఈ రోజు గుండె గోలీల గురించి నేను చెప్పే మాటల్లో సగం వాళ్ల పనికి సంబంధించినవే. నేను డాక్టరును కాను. కల్వకుర్తి దగ్గర ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. కౌంటర్ వెనక నిలబడి చూసిందే చెప్తాను.

నా షాపులో అన్నిటికంటే ఎక్కువగా అరిగేది కత్తెర. "సారూ, షీటంతా వద్దు, అయిదు గోలీలు కత్తిరించియ్యి" అంటారు. జ్వరం గోలీ అయితే ఫర్వాలేదు. గుండె గోలీలను కూడా అట్లనే అడుగుతారు. కత్తిరించిన ముక్క మీద ఒక్కోసారి మందు పేరు ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. అయిదు రోజుల తర్వాత మళ్లీ వస్తారా అంటే, కూలి దొరికితే వస్తారు.

ఒక మేస్త్రీ సంగతి చెప్తాను. యాభై దాటిన మనిషి. హైదరాబాద్‌లో గుండెకు రెండు స్టెంట్లు వేశారు. ఆరోగ్యశ్రీ కార్డు మీదనే అయిపోయింది, చేతి నుంచి రూపాయి పడలేదు. ఫాలో-అప్ కింద ఏడాది పాటు గోలీలు కూడా అక్కడే ఇచ్చారు. పదమూడో నెల చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అందులో అయిదు రకాలున్నాయి. లెక్క వేసి చెప్తే నెలకు వెయ్యి దాటింది. కాసేపు చీటీ వంకే చూసి, "వీటిల అసలైనవి ఏవో అవే ఇయ్యి సారూ" అన్నాడు.

అయిదూ అసలైనవే. అయినా ఆయనే ఎంచుకున్నాడు. కొవ్వు గోలీ వద్దన్నాడు. "నేనే ఎండుకపోయి ఉన్న, నాకెక్కడి కొవ్వు" అన్నాడు. ఈ మాట నేను వందసార్లు విని ఉంటాను. ఆ గోలీ ఒళ్లు తగ్గడానికి కాదు, రక్తనాళం లోపల కొవ్వు పేరుకోకుండా, పేరుకున్నది పగలకుండా కాపాడడానికి. సన్నగా ఉన్నవాళ్లకూ అది కావాలి. ఇక రక్తం పల్చబడే గోలీని రోజు విడిచి రోజు వేసుకున్నాడు, నెల గోలీలు రెండు నెలలు వస్తాయని. స్టెంట్ అంటే రక్తనాళంలో పెట్టే సన్నని జాలీ గొట్టం. దాని మీద రక్తం గడ్డకట్టకుండా ఆపేది ఆ గోలీయే. ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి, జేబు చెప్పకూడదు. ఆ వానాకాలంలోనే ఆయనకు మళ్లీ నొప్పి వచ్చింది. మళ్లీ అంబులెన్స్, మళ్లీ అడ్మిషన్, మళ్లీ కార్డు. రెండోసారి కూడా బిల్లు ప్రభుత్వమే కట్టింది. ఆ బిల్లులో ఎన్నేళ్ల గోలీలు వచ్చేవో మీరే లెక్క కట్టండి.

నేను పథకాన్ని తప్పు పట్టడం లేదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లోనే మొదలైంది, అందులో మన మహబూబ్‌నగర్ ఒకటి. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే మనవాళ్లు ఎకరమో అరెకరమో అమ్ముకునేవారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధర కట్టడి చేసింది; లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంట్ ముప్పై వేల లోపుకు దిగింది. 2023 డిసెంబర్ 9న ఆరోగ్యశ్రీ పరిమితిని అయిదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. అన్నీ మంచివే. కానీ ఇవన్నీ ఆస్పత్రిలో పడుకున్న మనిషి కోసం. లేచి ఇంటికొచ్చిన మనిషి బతికినన్నాళ్లు వేసుకోవాల్సిన గోలీకి పది లక్షల కార్డు ఉన్నా, అయిదు లక్షల కార్డు ఉన్నా తేడా ఏముంది?

ఏడాది ఫాలో-అప్ ఉన్నప్పుడైనా, ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే పోవాలి. ఇక్కడి నుంచి సిటీకి పోయి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే, పైన చార్జీలు. మా దగ్గర ఒకాయనకు బదులు భార్య పాత చీటీ పట్టుకుని పోతున్నది, ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా అని. గోలీలు వస్తున్నాయి. ఆయన బీపీ మాత్రం ఎవరూ చూడడం లేదు. ఇక ముంబయికో పుణెకో వలస పోయినవాళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. సంచిలో రెండు షీట్లు పెట్టుకుని పోతారు, అవి అయిపోయిన రోజు నుంచి మందు బంద్.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో గోలీల కంపెనీలున్నాయి. మన పిల్లలే షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. అక్కడి నుంచి మందులు విదేశాలకు పోతాయి. పక్క ఊళ్లో మనిషి మాత్రం అయిదు గోలీలు కత్తిరించమంటాడు.

మరి ఏం చేయాలి? బీపీ, షుగర్ గోలీలను ఇప్పుడు పల్లె దవాఖానలో ఇస్తున్నారు, ఆశా అక్కలు ఇంటికి వచ్చి గుర్తుచేస్తున్నారు. వాటితో పాటే స్టెంట్ వేసినవాళ్ల గోలీలు కూడా రావాలి, ఏడాదితో ఆగకుండా. కొత్త కార్డు అక్కర్లేదు, కొత్త ఆఫీసు అక్కర్లేదు. ఆస్పత్రి డిశ్చార్జ్ కాగితం నకలు ఒకటి మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వస్తే, ఎవరికి ఏ గోలీ ఎప్పుడు అయిపోతుందో అక్కడే తెలుస్తుంది. దీన్ని గ్రామసభలో అడగండి, ఎమ్మెల్యేని అడగండి, కలెక్టరేట్‌లో ప్రజావాణిలో రాసివ్వండి. నేనూ రాసిస్తాను.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి కొన్ని. డాక్టరు చీటీ రాసేటప్పుడు కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయమని అడగండి. ఆ పేరుంటే కేంద్రం పథకం కింద నడిచే జన ఔషధి షాపులో అదే మందు సగం ధరకు, కొన్నయితే ఇంకా చాలా తక్కువకు దొరుకుతుంది. నా షాపుకు గిరాకీ తగ్గుతుందని తెలిసే చెప్తున్నాను. కంపెనీలో పనిచేసే కొడుకో బిడ్డో ఉండి, వాళ్లకు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు ఉంటే, మీరు వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లయితే, ఓపీ చూపించుకోవడానికి, మందులకు అది పనికొస్తుంది. చాలామందికి ఈ సంగతే తెలియదు.

మీటింగ్ అయిపోయాక బయట వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాను. చీటీలు, ఖాళీ షీట్లు, కత్తిరించిన ముక్కలు ఏవి ఉన్నా తెచ్చి చూపించండి. ఏ గోలీ ఎందుకో, తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతుందో ఒక కాగితం మీద తెలుగులో రాసిస్తాను. సాయంత్రం చివరి బస్సు పోయేదాకా ఉంటాను.