నాలుగు బారల గీత

సభకు నమస్కారం.

చారిత్రక నౌకాయుద్ధాలను చిన్న నమూనా ఓడలతో బల్ల మీద ఆడేవారిలో చాలామంది ఓడల మీద పెట్టిన శ్రద్ధ తీరం మీద పెట్టరు. సూది మొనతో తెరచాపల తాళ్లు కట్టి, ఫిరంగుల కిటికీలు ఒక్కొక్కటిగా దిద్ది, చివరకు ఆ ఓడను ఒక నీలిగుడ్డ మీద నిలబెడతారు. నడిసముద్రపు పోరుకు నీలిగుడ్డ సరిపోతుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు తెచ్చిన మేట వేల సంవత్సరాలుగా సముద్రంలోకి జరుగుతూ ఉన్న మన తీరానికి మాత్రం అది సరిపోదు. ఇక్కడ ఓడకు ఎదురయ్యే మొదటి శత్రువు అడుగున ఉన్న ఇసుక. అందువల్ల తీర నమూనాను నేను ఒడ్డు నుంచి కాక లోతు నుంచి మొదలుపెడతాను.

ఈ అలవాటు నాకు మనకు ఉత్తరాన జరిగిన ఒక పోరు వల్ల పట్టుబడింది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోయి 74 ఫిరంగుల మారెంగో ఓడతో, అటలాంత్, సెమియాంత్ అనే రెండు ఫ్రిగేట్లతో (అంతకన్నా చిన్న యుద్ధనౌకలతో) విశాఖపట్నం రేవు మీదికి వచ్చాడు. అక్కడ లంగరు వేసి ఉన్నవి 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్, ఈస్టిండియా కంపెనీ సరుకుకు వచ్చిన రెండు వర్తక నౌకలు. వర్తక నౌకల్లో ఒకటైన బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది, ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివారికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం దెబ్బలు తింటూనే ఒడ్డు వైపు, లోతు తక్కువైన నీటిలోకి జరిగింది. ఆ నీటిలోకి మారెంగో వెంటపడి రాలేకపోయింది. తరువాత నెపోలియన్ లినోయిని తప్పుపట్టాడు. ఇదే పోరును నీలిగుడ్డ మీద ఆడితే మారెంగో తిన్నగా వెళ్లి సెంచూరియన్‌ను ముంచేస్తుంది, పావుగంటలో ఆట ముగుస్తుంది.

74 ఫిరంగుల ఓడ నీటిలో సుమారు ఏడు మీటర్లు మునిగి ఉంటుంది. మన జాలరులు లోతును బారలతో చెబుతారు. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు, ఇంచుమించు ఆరడుగులు. నాలుగు బారలంటే ఏడు మీటర్ల పైచిలుకు. అందుకని నమూనా కట్టే నా ప్రతి పలక మీద ముందుగా పెన్సిలుతో గీసేది ఒడ్డు గీత కాదు, నాలుగు బారల గీత. దానికి ఇవతల పెద్ద ఓడ వస్తే ఇసుకకు తగులుతుంది. ఆ గీత ఆడేవారికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు. లోపలి నీటి రంగును అవతలి రంగు కన్నా ఒక్క పిసరు పాలిపోయేలా వేస్తే, బల్ల మీదికి వంగి చూసిన నాయకుడికి అనుమానం వస్తుంది, వంగనివాడికి రాదు. నిజమైన సముద్రం కూడా అంతే చెబుతుంది కదా.

ఇక కొలతల మాట. 1:1200 స్కేలులో, అంటే అసలులో పన్నెండు వందల వంతులో, 45 మీటర్ల ఓడ 37 మిల్లీమీటర్లు అవుతుంది, చిటికెన వేలికన్నా పొట్టిది. ఒక మైలు దూరం మీటరున్నరకు కాస్త తక్కువ. ఈ స్కేలులో మన డెల్టా కట్టడం కొండలు కట్టడం కన్నా కష్టం, ఎందుకంటే ఇక్కడ ఎత్తే లేదు. నీటి మీదికి ఒక మీటరు లేచిన ఇసుక తిప్ప నమూనాలో ఒక మిల్లీమీటరుకు కూడా రాదు. ధర్మాకోల్ ముక్క కోసి అంటిస్తే అది తిప్పలా కాక కోటగోడలా ఉంటుంది. ఎన్నో అట్టలు ప్రయత్నించాక నాకు కుదిరినది పెళ్లి శుభలేఖ: దాన్ని తిప్ప ఆకారంలో కత్తిరించి, అంచును గరుకు కాగితంతో సన్నగా అరగదీసి ఫెవికాల్‌తో అంటిస్తే సరిగ్గా సముద్రం పోటు తగ్గి పాటు వచ్చినప్పుడు బయటపడ్డ ఇసుకలా ఉంటుంది. మాఘమాసం దాటేసరికి మా ఇంట్లో తిప్పలకు కరువుండదు.

ఇసుక విషయంలో నేను మొదట చేసిన పొరపాటు చెప్పుకోవాలి. గోదావరి ఇసుక చేతికందేంత దూరంలో ఉందని దాన్నే చల్లాను. అర మిల్లీమీటరు రేణువు ఈ స్కేలులో 60 సెంటీమీటర్ల బండరాయి అన్న లెక్క తట్టలేదు. తీరమంతా రాళ్లగుట్టలా తయారైంది. ఇప్పుడు ఏటి ఒండ్రును ఎండబెట్టి, నూరి, ఆయుర్వేద చూర్ణానికి చేసినట్టు వస్త్రగాళితం పట్టి వాడుతున్నాను. సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చేవారు మాత్రం మంచినీటిలో నాలుగుసార్లు కడగాలి, లేకపోతే ఉప్పు వానాకాలపు చెమ్మను లాగి రంగును పొక్కిస్తుంది. చెమ్మ గొడవ పలకకూ ఉంది. ఒకవైపే రంగు పూసిన ఎండీఎఫ్ (చెక్కపీచును నొక్కి చేసిన) పలక శ్రావణం వచ్చేసరికి అప్పడంలా వంగుతుంది, కాబట్టి అడుగున కూడా రెండు పూతలు వేయాలి. విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండను ధర్మాకోల్‌తో చెక్కి, తొందరలో డబ్బా స్ప్రే రంగు కొట్టిన రోజున ఆ కొండ నా కళ్లముందే నురగలా కరిగిపోయింది. స్ప్రేలోని ద్రావకానికి ధర్మాకోల్ నిలవదు. ముందు ఫెవికాల్ కలిపిన అక్రిలిక్ రంగును కుంచెతో పట్టించాలి.

ఈ బల్ల మీద ఉన్నది కోరంగి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, 1804 నాటిది. లంగరు వేసిన వర్తక నౌకల మీదికి ఒక ఫ్రెంచి ఫ్రిగేటు వచ్చిందనుకునే ఊహాపోరు కోసం కట్టాను. దీని మొదటి రూపాన్ని ఉపగ్రహ చిత్రం చూసి గీశాను. కోరంగి వైపు ఒక పెద్దాయన చూడటానికి వచ్చి, కాసేపు ఏమీ అనకుండా నిలబడి, "ఆయ్, మేస్టారూ, ఈ హోప్ దీవి అంత పొడుగ్గా అప్పుడుండేదంటారా అండి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కాకినాడ రేవుకు అడ్డుగోడలా ఉన్న దాదాపు 16 కిలోమీటర్ల ఆ ఇసుక దిబ్బ గత రెండు శతాబ్దాలలో గోదావరి మేటతో పెరిగినది. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచెత్తిన సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇలాంటి తీరానికి నమూనా కట్టేవాడు ఊరి పేరు కన్నా ముందు సంవత్సరం తేల్చుకోవాలి. హోప్ దీవిని పీకేశాను. దాంతోపాటు ఎంతో ముచ్చటపడి నాటిన సరుగుడు తోపులనూ పీకేశాను, ఎందుకంటే మన తీరంలో సరుగుడు తోటలు 19వ శతాబ్దపు రెండో సగానివి. మిగిలినవి తాటిచెట్లు, కొబ్బరిచెట్లు, మడ అడవి. మడకు కొబ్బరిపీచును మించినది లేదు: సన్నగా కత్తిరించి, ఆకుపచ్చలో ముంచి, గుబురుగా నొక్కాలి. యానాం మూల మీద గుండుసూదికి కట్టిన జెండా బ్రిటిష్‌ది. ఫ్రెంచివారికి ఆ ఊరు తిరిగి దక్కినది 1814 సంధి తరువాత గనుక ఇక్కడివారు నొచ్చుకోకూడదు.

నీటి రంగు గురించి కాస్త గట్టిగానే చెబుతాను. బయటి ఊళ్లలో అమ్మే సముద్రపు రంగులన్నీ నీలాలే. సెప్టెంబరులో మన మొగల దగ్గర నీరు నీలంగా ఉంటుందా? వరద ఇంకా దిగని నెల అది, ఎర్రనీరు సముద్రంలోకి చాలా దూరం పోతుంది. నేను ఒడ్డున కావిరంగు, తరువాత బురద కలిసిన పచ్చ, నాలుగు బారలు దాటాక బూడిదపచ్చ, బల్ల చివరన మాత్రమే నీలం వేస్తాను. ఎర్రనీరూ పచ్చనీరూ కలిసేచోట గీత తిన్నగా ఉండదు, నాలుకలు నాలుకలుగా చొచ్చుకుపోతుంది. తడి రంగులోనే తడి కుంచెతో లాగితే తప్ప ఆ రూపం రాదు. అలలు విరిగేచోట తెల్లదనానికి ముగ్గుపిండిని ఫెవికాల్‌లో కలిపి, టూత్‌పిక్ కొనతో నాలుగు బారల గీతకు లోపలే పెడతాను. తిప్ప ఎక్కడుందో ముందుగా చెప్పేది ఆ నురగే.

ఇక దగ్గరికి వచ్చి చూడండి. కిటికీ వైపు నుంచి వంగితే నీటి రంగులో తేడా తెలుస్తుంది. దక్షిణపు అంచున మాత్రం చేయి పెట్టకండి, నిన్న రాత్రి వేసిన వార్నిష్ ఈ ముసురుకు ఇంకా ఆరలేదు.