ఎస్ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుద్దా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ కంప్యూటర్ షాపు ముందు నిలబడినా ఈ మాట వినపడుతుంది. "అన్నా, గేము లాగ్ అవుతోంది, ఎస్ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుద్దా?" అని అబ్బాయి అడుగుతాడు. "పెరుగుద్ది అబ్బయ్యా, డబులవుద్ది" అంటారు షాపువాళ్లు. ఎఫ్‌పీఎస్ అంటే తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) మారతాయన్న లెక్క. ఎస్ఎస్‌డీ అంటే ఫైళ్లు దాచుకోవడానికి పాత హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డ్రైవ్. తీరా ఇంటికెళ్లి బిగించి చూస్తే 40 ఎఫ్‌పీఎస్ అదే 40 దగ్గర ఉంటుంది. నాన్నను బతిమాలి తెచ్చుకున్న డబ్బు అది. నాకు కోపం అందుకే.

అలాగని ఎస్ఎస్‌డీ దండగ అనేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. అసలు అది చేసే పని వేరు.

మన ఊరి భోజనం హోటల్ ఒకటి అనుకోండి. పొయ్యి దగ్గర చేపల పులుసు వండే మాస్టర్ మీ గ్రాఫిక్స్ కార్డు. ఏం వండాలో చెప్పే మనిషి ప్రాసెసర్. మాస్టర్ పక్కనే సరుకులు పెట్టుకునే గట్టు ర్యామ్. వెనకున్న స్టోర్ రూమ్ మీ డ్రైవ్. చేప ముక్కలు, చింతపండు, మామిడికాయ గట్టు మీదికి వచ్చేశాక ఎన్ని ప్లేట్లు దిగుతాయన్నది మాస్టర్ చెయ్యి వేగాన్ని బట్టే ఉంటుంది. స్టోర్ రూమ్‌కి కొత్త తలుపులు పెట్టించినంత మాత్రాన పులుసు తొందరగా ఉడకదు. ఎఫ్‌పీఎస్ పెరగకపోవడానికి కారణం ఇంతే. వాలొరెంట్ లాంటి ఆటలో మ్యాప్ ముందే లోడైపోతుంది, ఆ తర్వాత డ్రైవ్‌కి పెద్దగా పని ఉండదు.

ఇప్పుడు ఊరంతా తిరిగే జీటీఏ 5 లాంటి ఆటకి రండి. కారు 150 స్పీడులో తోలుతున్నారు. ముందున్న వీధులు, బిల్డింగులు అప్పటికప్పుడు డ్రైవ్ నుంచి రావాలి. అంటే వంట నడుస్తుండగానే చింతపండు అయిపోయింది, కుర్రాడు స్టోర్ రూమ్‌కి పరిగెత్తాడు. హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద ఒక ముల్లు అటూ ఇటూ కదిలి వెతకాలి. ఒక్క ముక్క దొరకడానికే సుమారు 10 నుంచి 15 మిల్లీసెకన్లు. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేముకి ఉన్న టైమే 16.7 మిల్లీసెకన్లు! నాలుగు ముక్కలు నాలుగు మూలల్లో ఉన్నాయంటే మాస్టర్ గరిటె పట్టుకుని ఆగిపోవాల్సిందే. మీరు "లాగ్" అంటున్నది చాలాసార్లు ఆ ఆగడమే. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు, అదే ముక్క సుమారు 0.1 మిల్లీసెకనులో వస్తుంది. సగటు ఎఫ్‌పీఎస్ అంతే ఉంటుంది, కుదుపులు తగ్గుతాయి. ఆడేవాడికి అది చిన్న సంగతి కాదు. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ అనే ఆట నడవడానికి కంప్యూటర్‌లో కనీసం ఉండాల్సిన వాటి లిస్టులోనే ఎస్ఎస్‌డీ ఉంది. సైబర్‌పంక్ 2077 ఆట కూడా అదే ఏడాది హార్డ్ డిస్క్‌ను ఆ లిస్టులోంచి తీసేసింది.

మరి ఎస్ఎస్‌డీల్లోనే ఇంకా వేగమైన, ఖరీదైన ఎన్‌వీఎంఈ రకం తీసుకోవాలా? మామూలు రకమైన సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ, నాలుగో తరం (జెన్ 4) ఎన్‌వీఎంఈ 7,000 ఎంబీ దాకా ఇస్తుంది. లోడింగ్ పన్నెండు రెట్లు తగ్గుతుందా అంటే, తగ్గదు. చాలా ఆటల్లో తేడా కొద్ది సెకన్లే. స్టోర్ నుంచి రొయ్యలు గంపలకొద్దీ వచ్చినా ఒలిచేది ప్రాసెసరే కదా, ఫైళ్లన్నీ నొక్కి ప్యాక్ చేసి ఉంటాయి. జీటీఏ ఆన్‌లైన్ నిమిషాల తరబడి లోడయ్యేది. 2021లో ఒక ఆటగాడు తవ్వి చూస్తే తప్పు డిస్క్‌ది కాదు, ఒక పెద్ద జాబితాను ప్రాసెసర్ చేత తెలివితక్కువగా చదివిస్తున్నారని తేలింది. అది సరిచేస్తే టైము 70 శాతం తగ్గింది. ఆ ఆట తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ అతనికి 10,000 డాలర్లు ఇచ్చింది. ఒలిచే పనిని గ్రాఫిక్స్ కార్డుకి అప్పగించే డైరెక్ట్‌స్టోరేజ్ అనే పద్ధతి కూడా వచ్చింది కానీ, వాడే ఆటలు ఇంకా తక్కువ.

టైము అయిపోతోంది, కొనేముందు చేయాల్సింది చెప్పేస్తా. గేము కుదిపినప్పుడు విండోస్‌లో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ చూడండి. జీపీయూ (అంటే గ్రాఫిక్స్ కార్డు) 99 శాతం ఉంటే ఎస్ఎస్‌డీ డబ్బు దాచుకుని గ్రాఫిక్స్ కార్డు కొనండి. డిస్క్ 100 కొట్టి జీపీయూ పడిపోతుంటే ఎస్ఎస్‌డీ వేయండి. ర్యామ్ 8 జీబీయే ఉండి నిండిపోతుంటే మాత్రం ముందు 16 చేయండి, ఆ డిస్క్ 100కి కారణం అదే కావచ్చు. ఇంకొకటి, విండోస్ ఒక్కటే ఎస్ఎస్‌డీలో వేసి గేము పాత డిస్క్‌లో వదిలేస్తే గేములో పెద్దగా మార్పు రాదు. గేములు కొని ఆడే స్టీమ్ యాప్ వాడుతుంటే, అందులో గేము మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, అక్కడ మూవ్ ఇన్‌స్టాల్ ఫోల్డర్ నొక్కండి.