చంకకర్రల మీద 8 వారాలు: అక్కతో కబుర్లు

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈరోజు మనతో మా అక్క ఉంది. స్కూటీ మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగింది, ప్లేటు వేశారు. కాలి నొప్పి గురించి అడుగుదామనుకుంటే, చేతుల గురించి చెప్తానంటోంది.

అక్క: అవున్రా. 8 వారాలు ఆ కాలు నేలకు ఆనించొద్దన్నారు. వచ్చినవాళ్ళంతా కాలెలా ఉందనే అడిగేవాళ్ళు. నాకు రాత్రిళ్ళు పీకింది మాత్రం అరచేతులు, భుజాలు, ఇంకా ఆ రెండో కాలి మడమ.

తమ్ముడు: మంచం దగ్గర్నుంచి బాత్రూంకి పది అడుగులేగా!

అక్క: ఆ పది అడుగులకే వీపంతా చెమట పట్టేది. అడుగడుక్కీ ఒళ్ళంతా రెండు అరచేతుల మీద ఎత్తి, ఒంటికాలి మీద దిగాలి కదా. ఒక కాలు ఆనించకుండా నడిస్తే అదే దూరానికి మామూలు నడక కంటే దాదాపు రెండింతలు శక్తి ఖర్చవుతుందని ఫిజియో మేడం చెప్పారు. ఆ మాట వినగానే ఏడుపొచ్చేసింది. అన్నాళ్ళూ నాకే ఓపిక లేదనుకున్నాను.

తమ్ముడు: చెయ్యి తిమ్మిరెక్కింది కూడా అప్పుడేనా?

అక్క: అదే అసలు సంగతి. పక్కింటివాళ్ళ కర్రలు తెచ్చుకున్నాం. వాళ్ళబ్బాయి ఆరడుగులు, నేను ఐదడుగుల రెండంగుళాలు. కర్ర పైభాగం చంకలో గుచ్చుకునేది. అలిసిపోయినప్పుడు బరువంతా దాని మీదే వేసి వేలాడేదాన్ని. మూడో వారంలో బొటనవేలి వెనక తిమ్మిరి మొదలైంది. ఒకరోజు తల దువ్వుకుంటుంటే మణికట్టు పైకి లేవలేదు, దువ్వెన జారిపోయింది. చాలా భయపడ్డానురా.

తమ్ముడు: మాకు చెప్పనే లేదు.

అక్క: అమ్మకి టెన్షన్ ఎందుకని. చంక కింద నరం నలుగుతోందన్నారు మేడం. నన్ను నిలబెట్టి కర్రలు నా ఎత్తుకి తగ్గట్టు కిందికి దించారు. చంకకీ కర్రకీ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. చేతులు కిందికి వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి, పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగాలి. బరువు అరచేతుల మీదే, చంకలో కాదు. తిమ్మిరి పూర్తిగా పోవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

తమ్ముడు: మెట్లో?

అక్క: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్రలు, దెబ్బ తగిలిన కాలు ముందు. మనింట్లో మెట్ల కంటే తడి టైల్సే ఎక్కువ భయపెట్టాయి. కర్ర కింద రబ్బరు బుష్ అరిగితే జర్రున జారుతుంది. రెండుసార్లు మార్పించాను.

తమ్ముడు: రెండు చేతులూ కర్రలకే పోతే మరి టీ?

అక్క: మొదట్లో వంటింట్లోనే, గట్టుకి ఆనుకుని తాగేదాన్ని. తర్వాత అమ్మ మెడలో వేసుకునే గుడ్డ సంచి కుట్టిచ్చింది. చిన్న ఫ్లాస్కు అందులో పెట్టుకుని వరండాలోకి వెళ్ళి కూర్చునేదాన్ని.

తమ్ముడు: ఆ సంచి ఉందా ఇంకా?

అక్క: కర్రలతో పాటు పక్కింటికే ఇచ్చేశాను. వాళ్ళ దగ్గర్నుంచి ఇంకెవరైనా పట్టుకెళ్తారుగా. అందుకే పిడికి చీటీ కట్టాను: "ముందు ఎత్తు సరిచేసుకోండి, రెండు వేళ్ళ సందు ఉండాలి" అని.